‘డిడ్’ అంటే ‘ఆ’ కాదు: నిన్నటి సంగతి ఇంగ్లీషులో అడగబోతే ఎక్కడ తడబడతాం

"డిడ్ యు వెంట్?" "వేర్ యు వెంట్?" "వాట్ యు డిడ్ యెస్టర్‌డే?" ఈ మూడు వాక్యాలూ హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఎక్కడి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో కూర్చున్నా వినిపిస్తాయి. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళ నోట వినిపిస్తాయి, బీటెక్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళ నోటా వినిపిస్తాయి. వీళ్ళకు రూల్ తెలియదా అంటే తెలుసు. "డిడ్ తర్వాత వీ1 (గో, ఈట్ లాంటి ఉత్త క్రియ) రావాలె" అని అడిగిన వెంటనే చెప్తారు, పేపర్ మీద ఖాళీలు నింపమంటే పదికి పది తెచ్చుకుంటారు, అదే మనిషి ఎదురుగా నిలబడి నిన్న ఏమైందని అడగాల్సి వచ్చేసరికి నోటికి "డిడ్ యు వెంట్" వచ్చేస్తుంది. అంటే లోపం జ్ఞాపకశక్తిలో లేదు. మన నోరు తెలుగులో ప్రశ్నను తయారుచేసే పద్ధతి ఒకటుంది, ఆ పద్ధతినే ఇంగ్లీషు మాటల మీద నడిపిస్తున్నాం. అది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది అన్నది పిల్లలకు విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. నవ్వేవాళ్ళు మాత్రం ఎక్కువ.

తెలుగులో "పోయినవా?" అనేది ఒక్క మాట. కానీ అందులో నాలుగు సంగతులున్నాయి. పని ఏదో ‘పో’ చెప్తుంది, అది అయిపోయిందని ‘యిన’ చెప్తుంది, చేసింది నువ్వేనని ‘వ్’ చెప్తుంది, ఇది ప్రశ్న అని చివరి ‘ఆ’ చెప్తుంది. కోస్తా వాళ్ళ "వెళ్ళావా" అయినా ఇదే అమరిక. అన్నీ క్రియ తోకకే వేలాడుతుంటాయి. మామూలు వాక్యాన్ని ప్రశ్న చేయాలంటే లోపల దేన్నీ కదిలించే పని లేదు, చివర ఒక ‘ఆ’ చేరిస్తే చాలు: పోయినవ్, పోయినవా. తిన్నడు, తిన్నడా. వచ్చిండ్రు, వచ్చిండ్రా. పుట్టినప్పటి నుంచి ఇదే అలవాటు కాబట్టి, ఇంగ్లీషులో ప్రశ్న అడగబోతే మనసు ముందుగా వెతుక్కునేది ఆ ‘ఆ’నే. "యు వెంట్" అనే వాక్యం చేతిలో ఉంది, దాన్ని ప్రశ్నగా మార్చడానికి ఏదో ఒకటి తగిలించాలి, క్లాసులో సార్ ‘డిడ్’ అని నేర్పిండు, దాన్ని తెచ్చి ముందు తగిలిస్తాం. డిడ్ యు వెంట్. తెలుగు లెక్కలో చూస్తే ఇందులో తప్పే లేదు.

తప్పంతా ‘డిడ్’ను ‘ఆ’ అనుకోవడంలోనే ఉంది. ‘ఆ’ ఉత్త ప్రశ్న గుర్తు, దానికి కాలంతో సంబంధం లేదు. పోతవా, పోయినవా, పోతున్నవా, అన్నిటికీ అదే ‘ఆ’. ‘డిడ్’ అట్లా కాదు. అందులో ఉన్నది భూతకాలమే. "యు వెంట్"లో ‘వెంట్’ లోపల దాక్కుని ఉన్న ‘అయిపోయింది’ అనే సంగతి ప్రశ్నలోకి వచ్చేసరికి బయటికి లేచి వచ్చి ముందు నిలబడుతుంది. అట్లా నిలబడ్డ రూపానికే ‘డిడ్’ అని పేరు. అది బయటికి వచ్చేసింది కాబట్టి లోపల మిగిలేది ‘గో’ మాత్రమే. భూతకాలం ఒక్కటే, దానికి చోటూ ఒక్కటే. ‘డిడ్’ దగ్గర ఉంటే ‘వెంట్’ దగ్గర ఉండదు. "డిడ్ యు వెంట్" అంటే ఒకే భూతకాలాన్ని రెండుసార్లు చెప్పినట్టు.

ఇది ఇంగ్లీషోళ్ళ వింత పద్ధతి అనిపిస్తుంది కానీ తెలుగులోనూ అచ్చం ఇదే పని జరిగే చోటు ఒకటుంది, దాన్ని రోజూ వాడుతూనే ఉంటాం. "నేను పోయిన" అన్న వాక్యాన్ని ‘కాదు’ అర్థంలోకి మార్చి చూడండి. "నేను పోలేదు" అంటాం, మన దగ్గర ఇంకా పొట్టిగా "పోలే" అంటాం. "పోయినలేదు" అని చిన్నపిల్లలు కూడా అనరు. ‘లేదు’ వచ్చి కూర్చోగానే క్రియలో ఉన్న ‘యిన’ ఎగిరిపోయింది, ‘పో’ మాత్రం మిగిలింది. తిన్న, తినలేదు. చేసిన, చేయలేదు. వచ్చిన, రాలేదు. ఈ చివరిది మరీ స్పష్టం, ‘వచ్చిన’ కాస్తా ఏకంగా ‘రా’ అయిపోయింది, ఇంగ్లీషులో ‘వెంట్’ పోయి ‘గో’ వచ్చినట్టు. చేసింది ఎవరన్న గుర్తు కూడా పోతుంది: నేను పోలేదు, నువ్వు పోలేదు, వాళ్ళు పోలేదు, అన్నిటికీ ఒకటే ‘పోలేదు’. కాలాన్ని మోసే పనంతా ‘లేదు’ మీద పడింది, క్రియ ఉత్త క్రియగా మిగిలింది. ఇంగ్లీషులో ‘డిడ్’ చేసేది సరిగ్గా ఈ పనే. కాబట్టి "డిడ్ యు వెంట్" అనడం తెలుగులో "నువ్వు వచ్చినలేదా" అన్నట్టే ఉంటుంది. ఆ మాట చెవికి ఎంత ఎబ్బెట్టుగా తాకుతుందో, "డిడ్ యు వెంట్" ఇంగ్లీషోళ్ళ చెవికి అంతే ఎబ్బెట్టుగా తాకుతుంది. ఈ ఒక్క పోలిక క్లాసులో చెప్తే, "డిడ్ ప్లస్ వీ1" అని వందసార్లు రాయించే అవసరం రాదని గట్టిగా చెప్పవచ్చు.

పైగా ఈ ‘డిడ్’ ఇంగ్లీషులో మొదటి నుంచీ లేదు. ఆరేడు వందల ఏళ్ళ కింద అక్కడ కూడా "వెంట్ యు?" "కేమ్ హీ?" అన్నట్టే అడిగేవాళ్ళు, అంటే క్రియనే లేపి ముందు పెట్టేవాళ్ళు. 1400 తర్వాత ‘డూ’, ‘డిడ్’ మెల్లగా జొరబడ్డాయి, 1700 నాటికి ప్రశ్నల్లో దాదాపు స్థిరపడిపోయాయి. స్వీడన్ పండితుడు ఆల్వార్ ఎల్లెగార్డ్ 1953లో ఆ మూడు వందల ఏళ్ళ పాత రచనల్లోని వాక్యాలను లెక్కగట్టి ఈ పెరుగుదలను దశలవారీగా చూపించాడు. అందులో మనకు పనికొచ్చే ముచ్చట ఒకటుంది. ‘డూ’ అన్నిటికంటే ముందు బలపడింది "రాలేదా?" "చూడలేదా?" లాంటి ‘కాదు’ ప్రశ్నల్లోనే. మామూలు ప్రశ్నల్లో ఆ తర్వాత పెరిగింది.

ఈ చరిత్ర తెలిస్తే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. "నిన్న ఇంట్లో ఉన్నవా?" అని అడగాలంటే "వర్ యు ఎట్ హోమ్ యెస్టర్‌డే?" అనాలి, "డిడ్ యు వర్" అనకూడదు. ఎందుకు? ‘వాజ్’, ‘వర్’ అనేవి ‘డూ’ గాలి సోకని పాత కాపులు. ఊరంతా మారినా పాత పద్ధతి వదలలేదు. ఇప్పటికీ అవే స్వయంగా లేచి ముందుకు వస్తాయి, ‘డిడ్’ సాయం అడగవు. "వాజ్ దేర్ కరెంట్ లాస్ట్ నైట్?" "వై వర్ యు లేట్?" "వాట్ వర్ యు డూయింగ్ ఎట్ కాజీపేట?" ‘కుడ్’, ‘వుడ్’ కూడా ఈ గుంపే. ‘హావ్’ మాత్రం రెండు పడవల మీద కాలు పెట్టింది. "హావ్ యు ఈటెన్?"లో లాగా ఇంకో క్రియకు సాయంగా వస్తే తనే ముందుకు వస్తుంది. ‘ఉండడం’, ‘పట్టుకోవడం’ లాంటి అర్థంలో వస్తే ఇప్పుడు ‘డిడ్’ తీసుకుంటుంది: "డిడ్ యు హావ్ ఫీవర్?" ఇక్కడ "డిడ్ యు హాడ్" అనే పొరపాటు చాలా ఎక్కువ, మళ్ళీ అదే రెండు భూతకాలాల జబ్బు.

"వాట్ యు డిడ్ యెస్టర్‌డే?" సంగతి కొంచెం వేరు. ఇందులో ‘డిడ్’ ఉంది కదా, మరి ఎందుకు తప్పు? ఈ ‘డిడ్’ ‘చేసినవ్’ అనే అసలు పని, ప్రశ్నకు సాయం వచ్చే ‘డిడ్’ వేరు. "వాట్ డిడ్ యు డూ?" అని రెండు ‘డూ’లు పక్కపక్కన వచ్చేసరికి ఒకటి ఎక్కువైనట్టు అనిపించి ఒకదాన్ని మింగేస్తాం. మొదటిది కాలం, రెండోది పని. తెలుగులో "ఏం చేయలేదు?" అన్నప్పుడు ‘చేయ’ ఉంటుంది, ‘లేదు’ ఉంటుంది, రెండిట్లో దేన్నీ వదిలేయం కదా.

ఇక అసలు కారణం దగ్గరికి వస్తే, రూల్ తెలిసి కూడా నోరు తిరగకపోవడానికి పెద్ద కారణం బడిలోనే ఉంది. మన క్లాసుల్లో ప్రశ్న అడిగేది ఎప్పుడూ సారో మేడమో. పిల్లలు జవాబు చెప్తారు, అదీ నిలబడి, పుస్తకంలో ఉన్న వాక్యాన్నే. పన్నెండేళ్ళ చదువులో ఒక పిల్ల ఇంగ్లీషులో స్వయంగా, నిజంగా తెలుసుకోవాలనుకుని ఎన్ని ప్రశ్నలు అడిగి ఉంటుంది? "మే ఐ కమిన్ సార్" పక్కన పెడితే చాలామంది విషయంలో మిగిలేది దాదాపు సున్నా. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీష్ మీడియం పెట్టారు, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. మంచిదే. ఎదురెదురుగా ఉన్న ఆ రెండు పేజీలు ఈ ‘పోలేదు’, ‘డిడ్’ పోలిక చూపించడానికి చక్కని వీలు కూడా. కానీ ఏ మీడియం అయినా పిల్లలు అడగకుండా జవాబులే చెప్తూ పోతే ప్రశ్న వాక్యం నోటికి అలవాటు కాదు. దానికి తోడు గో, వెంట్, గాన్ అని మూడు రూపాల పట్టికను కంఠస్థం చేయించి "పాస్ట్ అంటే రెండో గడి" అని ముద్ర వేస్తాం. ఆ ముద్ర ఎంత బలంగా పడుతుందంటే, ‘యెస్టర్‌డే’ అనే మాట వినపడగానే చెయ్యి రెండో గడి మీదికే పోతుంది. పట్టిక అక్కర్లేదని కాదు, ‘డిడ్’ వచ్చే ప్రశ్నలోనూ ‘కాదు’ వాక్యంలోనూ ఆ రెండో గడితో పనే లేదని మొదటి రోజే చెప్పాలి.

పిల్లలతో అడిగించాలంటే అడగదగ్గ విషయం ఉండాలి. వరంగల్ పిల్లలకు దానికి కొదవ లేదు. రామప్ప గుడిని తీసుకోండి. పాలంపేట దాకా స్కూల్ బస్సులో టూర్ పోని పిల్లలు ఇక్కడ తక్కువ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక బయటి దేశాల వాళ్ళూ వస్తున్నారు. గుడి దగ్గర ఓ విదేశీ అడిగే మొదటి ప్రశ్న "హూ బిల్ట్ దిస్ టెంపుల్?" ఇందులో ‘డిడ్’ లేదు, ‘బిల్ట్’ అట్లాగే ఉంది. జవాబు: కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. రెండో ప్రశ్న "వెన్ డిడ్ హీ బిల్డ్ ఇట్?" ఇప్పుడు ‘డిడ్’ వచ్చింది, ‘బిల్ట్’ ‘బిల్డ్’ అయింది. జవాబు: 1213. మూడోది "వాట్ డిడ్ దే యూజ్ ఫర్ ద టవర్?" నీళ్ళ మీద తేలేంత తేలికైన ఇటుకలు. నాలుగోది "హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్?" దాదాపు 40 ఏళ్ళు పట్టిందంటారు. అదే విషయాన్ని గుడి వైపు నుంచి అడిగితే "వెన్ వాజ్ ఇట్ బిల్ట్?" అవుతుంది, ‘వాజ్’ ఉంది కాబట్టి ‘డిడ్’ తప్పుకుంది. ఈ అయిదు ప్రశ్నలు చాలు, భూతకాలపు ప్రశ్నల గ్రామర్‌లో సగం ఇందులో ఉంది.

మొదటి ప్రశ్నకు ‘డిడ్’ ఎందుకు రాలేదన్నది మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే కష్టపడి ‘డిడ్’ అలవాటు చేసుకున్నవాళ్ళు ఇక్కడికి వచ్చేసరికి "హూ డిడ్ బిల్డ్ దిస్ టెంపుల్?" అనేస్తారు, "వాట్ డిడ్ హ్యాపెన్?" అనేస్తారు. ప్రశ్నలో ‘డిడ్’ చేసేదల్లా, పని చేసినవాడి కంటే ముందుకు వచ్చి నిలబడడం: డిడ్ హీ, డిడ్ దే, డిడ్ రేచర్ల రుద్ర. ఆ పని చేసింది ఎవరన్నదే మనకు తెలియక అడుగుతున్నప్పుడు, ‘హూ’ అనే మాటే చేసినవాడి కుర్చీలో కూర్చుంది, అదీ వాక్యం మొదట్లోనే కూర్చుంది. దాని ముందుకు పోవడానికి చోటు లేదు. కదలిక లేదు కాబట్టి భూతకాలం క్రియలోంచి బయటికి రాదు, ‘బిల్ట్’ లోపలే ఉండిపోతుంది. "హూ కాల్డ్ మీ?" "విచ్ బస్ వెంట్ టు పరకాల?" "హౌ మెనీ పీపుల్ కేమ్ టు మేడారం?" "వాట్ హ్యాపెండ్?" అన్నీ ఇంతే.

తెలుగువాళ్ళకు దీన్ని పట్టుకోవడానికి మంచి ఆనవాలు ఉంది. "ఎవరు పిలిచిండ్రు?" "ఎవర్ని పిలిచినవ్?" ఈ రెండిటికీ మధ్య తేడా ‘ని’తో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘హూమ్’ అనే మాట వాడుకలో దాదాపు పడిపోయింది, ఆ ‘ని’ చేసే పనిని ‘డిడ్’ చేస్తోంది: "హూ కాల్డ్ యు?" అంటే నిన్ను ఎవరు పిలిచిండ్రు, "హూ డిడ్ యు కాల్?" అంటే నువ్వు ఎవర్ని పిలిచినవ్. ‘డిడ్’ ఎగరగొడితే అర్థమే తిరగబడుతుంది. కాబట్టి తెలుగులో ఉత్త ‘ఎవరు’ వస్తే ‘డిడ్’ వద్దు, ఎవర్ని, ఎవరికి, ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎట్ల వస్తే ‘డిడ్’ కావాలి అని మొదటి అడుగుగా పెట్టుకోవచ్చు. కానీ ఈ ఆనవాలు అన్ని చోట్లా నిలవదు. "నీకు ఏ కాలేజీ నచ్చింది?" అన్నప్పుడు తెలుగులో నచ్చింది కాలేజీ, నువ్వు ‘నీకు’ అయి పక్కన నిలబడ్డావ్. ఇంగ్లీషులో ఇష్టపడ్డది నువ్వు. కాబట్టి "విచ్ కాలేజ్ డిడ్ యు లైక్?" అవుతుంది. "నీకు జ్వరం ఎప్పుడు వచ్చింది?" కూడా ఈ తీరుదే. దాన్ని మాటకు మాట పెట్టి "వెన్ ఫీవర్ కేమ్ టు యు?" అంటారు, అనాల్సింది "వెన్ డిడ్ యు గెట్ ఫీవర్?" లేదా "వెన్ డిడ్ ద ఫీవర్ స్టార్ట్?" నాకు, నీకు, ఆయనకు అని మొదలయ్యే తెలుగు ప్రశ్న ఏదైనా సరే, ఇంగ్లీషులోకి పోయే ముందు ‘ఇంతకీ అక్కడ పని ఎవరిది’ అని ఒకసారి చూసుకోవాలి.

‘ఎవరితో’ అన్నాం కాబట్టి దాని సంగతి కూడా. తెలుగులో ‘తో’ ‘ఎవరు’ను వదిలిపెట్టదు, అందుకే "విత్ హూమ్ యు వెంట్?" అని వస్తుంది. ఇంగ్లీషు మాటల్లో ‘విత్’ చివరికి జారిపోతుంది: "హూ డిడ్ యు గో విత్?" "విచ్ కాలేజ్ డిడ్ యు స్టడీ ఇన్?" "హౌ మెనీ జాబ్స్ డిడ్ యు అప్లై ఫర్?" మొదట్లో గాల్లో వేలాడుతున్నట్టు అనిపిస్తుంది, వారం రోజులు నోట్లో నానితే అదే సర్దుకుంటుంది.

"తిన్నవా?" అని అమ్మ ఫోన్‌లో అడిగే ప్రశ్నకు ఇంగ్లీషు ఏది? "డిడ్ యు ఈట్?" అనవచ్చు, "హావ్ యు ఈటెన్?" అనవచ్చు. రెండోది బ్రిటన్ వైపు ఎక్కువ, మొదటిది అమెరికాలో మామూలు. ఇక్కడ ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. తేడా నిజంగా తెలియాల్సింది టైమ్ గురించి అడిగినప్పుడు. కాజీపేట ప్లాట్‌ఫామ్ మీదికి ఉరికొచ్చిన మనిషి "హాజ్ ద శాతవాహన లెఫ్ట్?" అని అడుగుతాడు. బండి ఇప్పుడు ఉందా లేదా, ఎక్కగలనా లేదా, ఇదే అతనికి కావాలి. పోయిందని తెలిసిన తర్వాత అడిగేది "వెన్ డిడ్ ఇట్ లీవ్?" ఇప్పుడు దృష్టి గడియారం మీద ఉంది. ‘వెన్’ వచ్చిందంటే ‘హావ్’ పనికిరాదు. "వెన్ హావ్ యు కమ్?" అనేది మన దగ్గర చాలా వినిపించే తప్పు. "వెన్ డిడ్ యు కమ్?" అనే అనాలి.

‘హాడ్’తో మనకున్న ప్రేమ ఇంకొకటి. "హాడ్ యు గాన్ టు మేడారం లాస్ట్ టైమ్?" అంటారు, ‘హాడ్’ పెడితే పాత సంగతి ఇంకా గట్టిగా చెప్పినట్టు ఉంటుందని. మన మాటలో "మొన్న వచ్చుంటి" అనేది ఉంది, హిందీ, ఉర్దూలో "గయా థా" ఉంది, వరంగల్‌లో ఈ రెండూ చెవిన పడుతూనే ఉంటాయి. ఆ అలవాటు ‘హాడ్’ రూపంలో బయటికి వస్తుంది. ఇంగ్లీషులో ‘హాడ్’ ఒంటరిగా బతకదు. ఇంకో పాత సంగతి పక్కన ఉండి, దానికంటే ఇది ముందు జరిగిందని చెప్పాల్సి వస్తేనే దాని అవసరం: "హాడ్ ద ట్రెయిన్ లెఫ్ట్ వెన్ యు రీచ్డ్ కాజీపేట?" ఉత్తగా పోయిన జాతర గురించి అడగడానికి "డిడ్ యు గో" చాలు.

ప్రశ్నను ఇంకో వాక్యంలో పెట్టి అడిగేటప్పుడు కథ తిరగబడుతుంది. "కెన్ యు టెల్ మీ వేర్ డిడ్ హీ గో?" అనేది తప్పు, "వేర్ హీ వెంట్" అనాలి. ఇంత కష్టపడి నేర్చుకున్న ‘డిడ్’ను ఇక్కడ తీసేయాలా అని చిరాకు వస్తుంది. కానీ తెలుగులో మనం చేసేదేమిటి? "ఎటు పోయిండు?" అనే ప్రశ్నను "చెప్పు"తో కలిపితే "ఎటు పోయిండో చెప్పు" అవుతుంది. "పోయిండా?" అనేది "పోయిండో లేదో తెల్వదు" అవుతుంది. ‘ఆ’ పోయి ‘ఓ’ వచ్చింది, అంటే ఇది సూటి ప్రశ్న కాదని మన భాష కూడా గుర్తు మార్చుకుంది. అక్కడ ‘ఓ’ వచ్చిన చోట ఇక్కడ ‘డిడ్’ పోతుంది, ‘వెంట్’ తన చోటికి తిరిగి వస్తుంది. తెలుగులో ‘ఓ’ పలుకుతున్నామా అని చూసుకుంటే ఈ తప్పు చాలావరకు తగ్గిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మాత్రం ప్రశ్న కాదు, ‘కాదు’ ప్రశ్నకు మనమిచ్చే జవాబు. "నిన్న రాలేదా?" అంటే, రానివాడు "ఆఁ, రాలే" అంటాడు. అడిగినవాడి మాటకు ఒప్పుకుంటున్నాడు. ఇంగ్లీషులో ‘యెస్’, ‘నో’ అడిగినవాడి మాటను పట్టించుకోవు, జరిగిందా లేదా అన్నదాన్నే చూస్తాయి. "డిడన్ట్ యు కమ్ యెస్టర్‌డే?" అన్నప్పుడు రానివాడు "నో, ఐ డిడన్ట్" అనాలి, వచ్చినవాడు "యెస్, ఐ డిడ్" అనాలి. హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డ పిల్లవాణ్ణి "డిడన్ట్ యు అప్లై లాస్ట్ ఇయర్?" అని అడిగారనుకోండి, అప్లై చేయనివాడు మన అలవాటుతో తల ఊపి "యెస్" అంటే అవతలివాళ్ళకు అర్థమయ్యేది ‘చేశాను’ అని. పొల్లుపోకుండా నిజం చెప్పినా అబద్ధంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. మందులు వేసుకోలేదా అని డాక్టర్ అడిగినా, డబ్బు అందలేదా అని గల్ఫ్ నుంచి ఫోన్‌లో కంపెనీ వాళ్ళు అడిగినా ఇదే తంటా. దీనికి భద్రమైన దారి ఒకటే, ఉత్త ‘యెస్’, ఉత్త ‘నో’ ఎప్పుడూ ఇవ్వకూడదు, వెనుక "ఐ డిడ్" లేదా "ఐ డిడన్ట్" తప్పకుండా చేర్చాలి. మొదటి మాట తప్పినా రెండో మాటతో అవతలివాళ్ళు అనుమానపడి మళ్ళీ అడుగుతారు.

‘కదా’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మనకు అన్నిటికీ ఒకే ‘కదా’ సరిపోతుంది, అందుకే "యు వెంట్, ఈజింటిట్?" వస్తుంది. వాక్యంలో భూతకాలపు పని ఉంటే "డిడన్ట్ యు?", ‘వర్’ ఉంటే "వరన్ట్ యు?" అని పెట్టాలి. మాటల్లో కష్టమనిపిస్తే చివర "రైట్?" అన్నా నడుస్తుంది, తప్పేం లేదు.

అట్లాగే "యు వెంట్ టు కరీంనగర్?" అని గొంతు పైకి లేపి అడిగితే అది తప్పని కొందరు మందలిస్తారు. తప్పు కాదు. ఆశ్చర్యపోయినప్పుడు, విన్నది నిజమా అని రూఢి చేసుకునేటప్పుడు ఇంగ్లీషోళ్ళు కూడా అట్లాగే అడుగుతారు. కొత్త సంగతి తెలుసుకోవడానికి, ఇంటర్వ్యూలో, మెయిల్‌లో మాత్రం "డిడ్ యు" కావాలి. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు "వేర్ యు వెంట్" అన్నా అందరికీ అర్థమవుతుంది, అందుకని ఎవర్నీ నలుగురిలో ఆపి దిద్దే పని పెట్టుకోవద్దు. అట్లా దిద్దించుకున్న పిల్లలు మరుసటి రోజు నుంచి నోరే తెరవరు.

చివరగా చెవి సంగతి. పుస్తకంలో "డిడ్ యు" అని విడివిడిగా ఉంటుంది కానీ మాటల్లో అది "డిజు" అయిపోతుంది. "వాట్ డిడ్ యు" అనేది "వాడిజు" లాగా, "వేర్ డిడ్ హీ" అనేది "వేర్డీ" లాగా వినిపిస్తుంది. అమెరికా ప్రాజెక్ట్ కాల్‌లోనో సినిమాలోనో దీన్ని విన్నవాళ్ళకు ‘డిడ్’ ఉన్నట్టే అనిపించదు. చెవిన పడనిది నోటికి రాదు, "వేర్ యు వెంట్" బలపడడానికి ఇది కూడా ఓ కారణం. కాబట్టి ప్రాక్టీస్ చేసేటప్పుడు "డిడ్ యు" అని ఒత్తి ఒత్తి పలకడం కంటే, "డిజు"ను ఒక్క మాటగా పట్టుకుని పక్కన ఉత్త క్రియలు మారుస్తూ పోవడం మేలు. డిజు గో, డిజు ఈట్, డిజు సీ, డిజు పే, డిజు కాల్. తర్వాత ముందు ప్రశ్న మాటలు చేర్చాలి: వేర్ డిజు గో, వాట్ డిజు ఈట్, హౌ మచ్ డిజు పే, హూ డిజు కాల్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఒకరినొకరు ఇట్లా నిజంగా అడుక్కోవాలి, జవాబు చెప్పేవాడు ‘వెంట్’, ‘ఏట్’, ‘పెయిడ్’ అని రెండో గడి వాడాలి, అడిగేవాడు దాన్ని ముట్టుకోకూడదు. మధ్యమధ్యలో "హూ కాల్డ్ యు?" "వాట్ హ్యాపెండ్?" లాంటివి కూడా కలుపుకోవాలి, లేకపోతే నోరు వాటిలోనూ "డిజు" కోసం వెతుక్కుంటుంది.